సుంకం లేదంటే పన్ను లేదని కాదు
ఇంటర్నెట్ ద్వారా దేశాలు దాటే సాఫ్ట్‌వేర్, సినిమాల వంటి డిజిటల్ ప్రసారాలపై కస్టమ్స్ సుంకం వేయకూడదన్న 1998 నాటి డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) మారటోరియం, అంటే తాత్కాలిక నిలిపివేత, వల్ల మన ఖజానాకు గండి పడిందని ఈ అంశంపై వచ్చిన ఒక వ్యాసంలో వ్యాసకర్త తేల్చేశారు. నాకు అలా అనిపించడం లేదు. మారటోరియం ఆపింది సరిహద్దులో వేసే సుంకాన్నే, దేశంలోపల వేసే పన్నును కాదు. ఓ విదేశీ కంపెనీ క్లౌడ్ స్టోరేజీకి నేను నెలనెలా డబ్బు కడతాను. బిల్లు తెరిస్తే అడుగున ఐజీఎస్టీ (దిగుమతి సేవలపైనా పడే జీఎస్టీ) 18 శాతం అని విడిగా కనిపిస్తుంది. మరి గండి ఎక్కడ? పైగా సాఫ్ట్‌వేర్, ఐటీ సేవలు బయటికి అమ్ముకుని బతికేవాళ్లం మనం. రేపు మనం సుంకం మొదలుపెడితే అవతలివాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటారా? హైదరాబాద్‌లో యాప్‌లు చేసి విదేశాలకు అమ్మే చిన్న కంపెనీలకే ముందు దెబ్బ. అసలు టెన్షన్ పడాల్సింది సోర్స్ కోడ్ గురించి, అంటే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన అసలు ప్రోగ్రాం రాత గురించి. సాఫ్ట్‌వేర్ దిగుమతికి, అమ్మకానికి షరతుగా ప్రభుత్వం సోర్స్ కోడ్ అడగకూడదన్న నిబంధనకు 2025 జులైలో బ్రిటన్‌తో సంతకం చేసిన వాణిజ్య ఒప్పందంలో మనం ఒప్పుకున్నాం. దర్యాప్తుల కోసం మినహాయింపులు ఉన్నాయి, నిజమే. కానీ ఇలాంటి నిబంధనకు డబ్ల్యూటీఓ చర్చల్లో ఇస్తున్న మద్దతును అమెరికాయే 2023 అక్టోబరులో వెనక్కి తీసుకుంది. వాళ్లు తగ్గినచోట మనకెందుకు అంత తొందరో వ్యాసంలో ఒక్క ముక్క కూడా లేదు.