ఉమ్మెత్తాకూ, నా ఎడమ కన్నూ

అత్తయ్యగారి మోకాలి నొప్పికి ఉమ్మెత్తాకు కట్టమన్నది ఎదురింటి బాబాయిగారు. ఆయన దగ్గర ప్రతి రోగానికీ ఓ ఆకుంది, ఏ ఆకూ ఆయన స్వయంగా కోయరు. నేనే కోసి, ఆముదం రాసి, పెనం మీద వెచ్చచేసి కట్టాను. మధ్యలో చెమట కారితే కన్ను నులుముకున్నాను. సాయంత్రానికి ఎడమ కంటిపాప కుంకుడుగింజంత అయింది.

ఎమర్జెన్సీలో ఓ కుర్ర డాక్టరు టార్చి వేశాడు. కుడి పాప ముడుచుకుంది, ఎడమది కదల్లేదు. "నవ్వండమ్మా" అన్నాడు. నవ్వొచ్చే సందర్భమా అది? "ఈరోజు ఏ వారం?" అన్నాడు. "పొద్దున ఇడ్లీ తిన్నాను కాబట్టి శనివారం మాత్రం కాదండీ" అన్నాను. అదేదో రాసుకున్నాడు. ఈలోగా స్కాన్‌కి సంతకం పెట్టమని ఫారం ఇచ్చారు. దగ్గరి అక్షరాలన్నీ అలుక్కుపోయి కనిపిస్తుంటే, ఎడమ కన్ను మూసి కుడి కంటితో చదవబోయాను.

"సార్, పేషెంటుకి రెప్ప వాలిపోయింది!" అని నర్సు కేక పెట్టింది.

పాప పెద్దదై రెప్ప కూడా వాలితే, మెదడులో రక్తనాళం ఉబ్బి నరాన్ని నొక్కుతోందేమోనని అనుమానించాలట. వాలలేదమ్మా, నేనే మూశాను మొర్రో అంటే వినేదెవరు? తెరిస్తే చదవలేను, మూస్తే మెదడు జబ్బు. ఏం ముట్టుకున్నావని మాత్రం ఒక్కరూ అడగరు.

స్కాన్ అయింది, బిల్లూ అయింది. అప్పుడొచ్చారు కంటి డాక్టరమ్మ. పైలోకార్పిన్ చుక్కలు వేశారు. నరం దెబ్బతిన్న పాపైతే ఆ మందుకి ముడుచుకోవాలి, నాది చలించలేదు. "ఏ ఆకు కోశావమ్మా?" అన్నారు.

ఉమ్మెత్తలో ఉండే, కంటిపాపని పెద్దది చేసే అట్రోపిన్ కడుపులోకి పోతే దాన్ని కాలేయం కొంత విరగ్గొడుతుందట, దాదాపు సగం ఉన్నదున్నట్టే మూత్రంలో పోతుందట. కంట్లో పడిందో, పాప చుట్టూ ఉన్న రంగుని పట్టుకుని రోజుల తరబడి వదలదు. నల్లకళ్ళ వాళ్ళకి మరీనూ. చాలా కుందేళ్ళకి రక్తంలోనే దాన్ని ముక్కలు చేసే ఎంజైము ఉంటుందట, ఆ జాతి ఆకులు మేసినా వాటికేమీ కాదట. బాబాయిగారిదీ అదే గోత్రం కావచ్చు.

ఇప్పుడు ఇంట్లో నల్లకళ్ళద్దాలతో పప్పు తాలింపు వేస్తున్నాను. డిశ్చార్జి కాగితంలో మాత్రం రెప్ప వాలినట్టే ఉంది. దిద్దమంటే ఇంకో ఫారం నింపాలట.