డెల్టాలో సోషియాలజీ చదివితే ఏం వస్తుందని అడిగేవాళ్లకి

మా గోదావరి డెల్టా వైపు ఆడపిల్ల ఎవరైనా "ఎం.ఏ. సోషియాలజీ (సమాజశాస్త్రం) చదువుతా" అంటే ఇంట్లో మొదట వచ్చే మాట "దాంతో ఉద్యోగం వస్తుందా?" అలా అడిగే తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. కౌలు చేసి, అప్పు తెచ్చి చదివించేవాళ్లు అడగకుండా ఎలా ఉంటారు? నా కోపమంతా అడ్మిషన్లు లేవంటూ ఆర్ట్స్ కోర్సులు ఎత్తేస్తున్న తీరు మీద.

నేను భీమవరం దగ్గర డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ కోసం మా పిల్లలు ఊళ్లలో సర్వే చేస్తారు. ఎక్కడో తయారైన ఫారం జిరాక్స్ తీసి చేతికిస్తాం. అందులో "తాగునీరు ఎక్కడి నుంచి?" అనే ప్రశ్నకి బావి, బోరు, కుళాయి అని మూడే గడులు. చాలా ఇళ్లవాళ్లు తాగేది మాత్రం కొనుక్కున్న 20 లీటర్ల టిన్ను నీళ్లు. ఒక అమ్మాయి ఆ మూడు గడులూ వదిలేసి పక్కన పెన్నుతో "టిన్ను" అని రాసుకొచ్చింది. అంతటితో ఆగకుండా టిన్ను ఎవరు మోస్తున్నారు, వారానికి ఎంతవుతోంది, డబ్బు లేని రోజు ఏ నీళ్లు తాగుతున్నారు అని కూడా అడిగింది. సోషియాలజిస్టు పని సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఇదే చూపుతో మన పాఠాల్ని కూడా చూడండి. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లోనే సుప్రీంకోర్టు పర్యావరణాన్ని చదువులో భాగం చేయమంది. ఇప్పుడు బడిలోనూ డిగ్రీలోనూ పాఠం ఉంది. ఓజోన్ పొర ఉంది, చెట్లని కాపాడిన చిప్కో ఉద్యమం ఉంది, నీటిని పొదుపు చేయాలని ఉంది. ప్రహరీ అవతల రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందిస్తూ తిరిగే ఏరియేటర్ల గురించి మాత్రం ఒక్క వాక్యం ఉండదు. 2009లో వెనామీ రొయ్య సాగుకి అనుమతి వచ్చాక మా భూముల్లో ఏం మారిందో, చెరువు నీరు ఇంకి, పక్కనున్న చేను ఉప్పు తేలితే ఆ కౌలురైతు ఏమయ్యాడో ఉండదు.

ఎందుకుండదు? నన్ను వదలని ప్రశ్న ఇదే. మాస్టారికి ఇష్టం లేక కాదు. బడికి బెంచీలు కొనిచ్చిన దాతకి చెరువులుంటాయి. ముందు బెంచీ పిల్లాడి తండ్రి ఆ చెరువు మీదే కాపలా. మాస్టారి పొలం కూడా లీజులో ఉండొచ్చు. ఆ తరగతిలో నిలబడి మురుగుకాలువ గురించి మాట్లాడాలంటే మాటకి ముందే టెన్షన్ వస్తుంది. ఇది సైన్సు టీచర్ తీర్చే చిక్కు కాదు. నీటిలో ఉప్పెంతో కొలవడానికి మీటరుంది. తరగతిలో ఆ మాట ఎందుకు రాదో తెలుసుకోవాలంటే మాత్రం నెలల తరబడి ఊళ్లో ఉండి, మనుషులతో మాట్లాడాలి.

కోనసీమలో 2011 ఖరీఫ్‌కి రైతులు క్రాప్ హాలిడే అన్నారు. కాటన్ దొర ఆనకట్ట కింద, కాలువ నీరు అందే నేల అది. నీళ్లుండి కూడా ఊడ్పులు వద్దనుకోవడానికి కూలి ఖర్చు, గిట్టని ధర, మురుగు పోని డ్రెయిన్లు అన్నీ కారణాలే. ఇవన్నీ ఇంట్లో విన్న పిల్లలు బడిలో వ్యవసాయం గురించి ఏం నేర్చుకున్నారో ఎవరైనా అడగాలి కదా.

ఇది పనికిరాని చదువన్నవాళ్లకి ఒక సంగతి. సోషియాలజీని ఒక శాస్త్రంగా నిలబెట్టిన ఫ్రెంచ్ పండితుడు డర్క్‌హైమ్ 1902లో పారిస్‌లోని సోర్బాన్ యూనివర్సిటీలో చేరింది విద్యాశాస్త్రం చెప్పడానికే. కాబోయే టీచర్లకి పాఠాలు చెప్తూనే తన శాస్త్రాన్ని పెంచాడు.

ఇక ఉద్యోగం మాట. ఎం.ఏ. తర్వాత యూజీసీ నెట్ అనే జాతీయ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకి 37,000 రూపాయల ఫెలోషిప్, పైన హెచ్ఆర్ఏ. దాంతో పీహెచ్‌డీ చేయొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సోషియాలజీ ఉంది, జేఎన్‌యూలో విద్య మీదే ప్రత్యేక కేంద్రం ఉంది, ఢిల్లీలో విద్యా ప్రణాళిక, పాలన మీద పనిచేసే జాతీయ సంస్థ నీపా ఉంది. దారి పొడవైనదే. పీహెచ్‌డీ అయ్యాక కూడా గెస్ట్ ఫ్యాకల్టీగా గంటల లెక్కన పనిచేస్తున్నవాళ్లు ఎందరో. దీన్ని దాచి పిల్లల్ని పంపడం అన్యాయం. పోస్టులు భర్తీ చేయమని గట్టిగా అడగాల్సింది మనమే.

టిన్ను అని రాసుకొచ్చిన ఆ అమ్మాయి పీజీ ఎంట్రన్స్‌కి చదువుతోంది. వాళ్ల నాన్నతో మాట్లాడాను. "రెండేళ్లు చూస్తానండి" అన్నారు. మీ ఇంట్లోనో వీధిలోనో అలాంటి పిల్లలుంటే చెప్పండి. నెట్ సిలబస్, పాత పేపర్లు నా దగ్గరున్నాయి, పంపిస్తాను.