నడుము చూడని పాపానికి

నల్లగొండలో టేకు రేటు అడిగి వచ్చిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే టీవీ షెల్ఫ్ ప్యాలెట్ చెక్కతో చేయించాను. విదేశాల నుంచి మిషన్లు పెద్ద పెద్ద పెట్టెల్లో వస్తాయి కదా, ఆ పెట్టెలు విప్పిన పైన్ చెక్క. ఒక పలక మీద గోధుమ కంకిలాంటి బొమ్మ, పక్కన హెచ్‌టీ అని కాల్చిన ముద్ర. ఏంటిదని అడిగితే మేస్త్రి రెప్ప కూడా వేయకుండా "హైదరాబాద్ టింబర్ సార్" అన్నాడు. నమ్మాను. నేను లెక్కల సారును, ఇంగ్లీషు సారును కాదు.

రెండు నెలలకు షెల్ఫ్ కింద పిండిలాగా పొట్టు రాలడం మొదలైంది, చూస్తే పలకలో గుండుసూది దూరేంత బొక్కలు. ఫోన్ తీసి వెతికాను. పైన్ చెక్కలో కర్ర కందిరీగలని ఒక రకం ఉంటాయట, దాని పిల్ల పురుగు రెండు మూడేళ్లు చెక్క లోపలే తింటూ పెరిగి, ఆ చెక్క ఎవరింట్లోనో ఫర్నిచర్ అయ్యాక కూడా బయటికి వస్తుందట. "వీటిలో సైరెక్స్ నాక్టిలియో అనేది 1900 ప్రాంతంలో న్యూజిలాండ్ పోయింది, 1952లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దీవిలో దొరికింది, పైన్ తోటలకు తోటలే ఎండబెట్టింది" అని అన్నం తింటూ ఇంట్లో వాళ్లకు చెప్పాను. "మనకు ఆ చెట్లేడున్నయి బిడ్డా, ఉన్నది ఒక్క వేపచెట్టు" అంది అమ్మ, పప్పు వేస్తూ.

ఆ రాత్రి పన్నెండు దాకా గుర్తులు బట్టీ పట్టాను. ఒంటి చివర ఈటె మొనలాంటి కొమ్ము, ఆడా మగా రెండింటికీ. ఆడదానికి దాని కింద పొడుగాటి సూది కూడా, కానీ అది కుట్టడానికి కాదు, చెక్కకు బెజ్జం పెట్టి గుడ్లు దింపడానికి. నీలి ఉక్కు రంగు ఒళ్లు, నారింజ కాళ్లు ఉంటే సైరెక్స్ అనే రకం అనుకోవాలి, అందులో మళ్లీ మీసాలు మొత్తం నలుపైతే నాక్టిలియో, మొదట్లో ఎర్రగోధుమ రంగుంటే జువెంకస్. నలుపూ పసుపూ ఒళ్లు, పసుపు మీసాలు అయితే యూరోసెరస్ గైగాస్ అనే ఇంకో రకం. ఇంకో గుర్తు కూడా ఉండింది, మామూలు కందిరీగకు ఉండే సన్న నడుము దీనికి ఉండదు, గొట్టంలాగా తిన్నగా ఉంటుంది అని. అక్కడికొచ్చేసరికి ఆవలింతలు మొదలై ఫోన్ పక్కన పడేశాను.

ఆదివారం పొద్దున చాయ్ గ్లాసుతో వచ్చి చూస్తే షెల్ఫ్ మీద కూర్చుని ఉంది. నల్లటి ఒళ్లు, పొట్ట మీద వెడల్పాటి పసుపు పట్టీ, దగ్గర దగ్గర అంగుళం పొడుగు. రెక్కలు వీపు మీద ముడుచుకుంది కాబట్టి నడుము సంగతి నాకు గుర్తు కూడా రాలేదు. "గైగాస్!" అని అరిచాను. లోపల్నుంచి మా ఆవిడ, "అయిపోయిందా? మొన్ననే కదా సిలిండర్ మార్చింది!"

అమ్మ వచ్చి తొంగి చూసి "గది కందిరీగ బిడ్డా, ముట్టకు" అంది. అమ్మకేం తెలుసు, టాస్మేనియా పేరే విననిది. నేను లెక్క వేశాను. సూది కనబడటం లేదు, అంటే మగది. మగదానికి సూదే లేదు, ఆడదాని సూది కుట్టేది కాదు, కాబట్టి ఎటు నుంచి చూసినా ప్రమాదం సున్నా. మీసాలు పసుపుగా లేవన్నది ఒక్కటే తేడా కొట్టింది, దుమ్ము పట్టి ఉంటుందిలే అని సర్దుకుని, చక్కెర డబ్బా ఖాళీ చేయించి, దాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాను.

బొటనవేలికి ఒకటి. వదిలేలోపే చూపుడువేలికి ఇంకొకటి. తేనెటీగైతే ముల్లు దింపి తనే చస్తుంది, కందిరీగకు ఆ ఖర్చు లేదు, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు. నేను ఎగిరిన ఎగురుకు డబ్బా దొర్లింది, మా ఆవిడ చీపురు పట్టుకుని వచ్చింది, కొట్టేది పురుగునో నన్నో చివరిదాకా అర్థం కాలేదు. అమ్మ మాత్రం ఒక్క మాట అనకుండా ఉల్లిగడ్డ కోసి రుద్దింది. తిట్టినా బాగుండేది.

క్లినిక్‌లో డాక్టరు ఏం కుట్టిందని అడిగితే "యూరోసెరస్..." అని మొదలుపెట్టాను. ఆయన చీటీ మీద కందిరీగ అని రాసి, సూది మందు తీశాడు. ఆ పొద్దుటికి మూడో సూది.

పాలెం అగ్రికల్చర్ కాలేజీలో చదివే మా మేనల్లుడికి మా ఆవిడ ఫొటో పంపింది. వెంటనే ఫోన్. "మామా, గది వెస్పా ట్రోపికా, మన దగ్గర మామూలే. వేరే కందిరీగల గూళ్ల మీద పడి పిల్లల్ని తింటది. నడుము చూడలేదా?" పొట్టు సంగతి చెబితే ఇంకా నవ్వాడు. కర్ర కందిరీగ పిల్ల పొట్టును తన వెనక గట్టిగా కూరుకుంటూ పోతుందట, కింద రాలనివ్వదట, అది బయటపడే బొక్క కూడా పెన్సిల్ దూరేంత గుండ్రంగా ఉంటుందట. మా ఇంట్లో తినేది ఏదో చిన్న పెంకు పురుగు. మరి హెచ్‌టీ ముద్ర? "హీట్ ట్రీట్‌మెంట్ మామా. చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడి, 30 నిమిషాలు పెడతరు, పురుగు బతకొద్దని. కానీ తర్వాత కొత్తగా పట్టకూడదని ఏం లేదు."

నాలుగు రోజులు ఎడమ చేత్తో సుద్దముక్క పట్టుకుని భిన్నాలు చెప్పాను. బొటనవేలు కణుపు కూడా కనబడకుండా వాచింది, గొట్టంలాగా తిన్నగా, ఎక్కడా నడుమన్నదే లేకుండా. గైగాస్‌ను చూడాలనుకున్న వాళ్లు దాన్ని చూస్తే సరిపోతుంది.

పొట్టు ఇంకా రాలుతూనే ఉంది. హైదరాబాద్ టింబర్ మేస్త్రి ఫోన్ ఎత్తడం లేదు.