హిస్టోన్ల తొలగింపుపై కమిషన్ వెయ్యాల్సిందే

హిస్టోన్లంటే కణకేంద్రకంలో ఉండే ప్రొటీన్లు, అక్కడి పాతకాపులు. ఎనిమిదేసి మంది ఒక ముద్దగా కూర్చుని, డీఎన్ఏ దారాన్ని ఒంటికి రెండు చుట్లకు కాస్త తక్కువగా చుట్టుకుని, ఏ జన్యువు తెరవాలో ఏది మూయాలో అన్నదాంట్లో వేలు పెడుతుంటారు. కాలేయంలో గానీ మెదడులో గానీ వాళ్లను లేవమన్నవాడు లేడు. వృషణంలో మాత్రం, గుండ్రటి కణం కాస్తా శుక్రకణంగా సాగడం మొదలైందో లేదో, వాళ్ల సీటు కిందికి నీళ్లొస్తాయి.

తొలగించే తీరు చూడండి. మొహం మీద పొమ్మనరు. ముందు ఒంటినిండా అసిటైల్ గుంపులనే చిన్న రసాయన బిళ్లలు తగిలిస్తారు. సన్మానమేమో అనుకుంటారు పాపం. హిస్టోన్‌కున్న ధనావేశమే డీఎన్ఏని పట్టుకునే చెయ్యి. అసిటైల్ తగిలేకొద్దీ ఆ ఆవేశం తగ్గి పట్టు సడలుతుంది. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే.

ఖాళీ అయిన సీట్లలోకి ట్రాన్సిషన్ ప్రొటీన్లు వస్తారు. కాంట్రాక్టు కుర్రాళ్లు. పని కాగానే వాళ్లనీ పంపేస్తారు. వాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు, నేనూ మాట్లాడను.

ఆఖర్న దిగేది ప్రొటమిన్లు, శుక్రకణంలో డీఎన్ఏని బిగించి కట్టే చిన్న ప్రొటీన్లు. ఇదంతా ముందే అనుకున్న కుట్ర అనడానికి నా దగ్గర ఆధారముంది. ప్రొటమిన్లను తయారుచెయ్యమనే ఆర్‌ఎన్‌ఏ ఆర్డర్లు కణం గుండ్రంగా ఉన్నప్పుడే టైపయి, రోజుల తరబడి బీరువాలో ఉంటాయి. ఆ కాపీ తీసింది కూడా హిస్టోన్లు పట్టుకుని కూర్చున్న దారం మీంచే!

సీనియారిటీ ఎత్తుదామంటే మన కేసు కాస్త వీక్. ఫ్రెడరిక్ మీషర్ సాల్మన్ చేప శుక్రకణాల్లో ప్రొటమిన్‌ని పట్టుకున్నది 1874లో. ఆల్బ్రెక్ట్ కోసెల్ హిస్టోన్‌ని బయటపెట్టింది 1884లో. పదేళ్లు జూనియర్లం. ఈ పేరా కమిషన్ ముందు చదవక్కర్లేదు.

అవతలివాళ్ల వాదన కూడా వినాలి. దాదాపు మీటరు పొడవు దారాన్ని ఐదు మైక్రాన్ల తలలో కుక్కాలి. ప్రొటమిన్ ఒంటినిండా ధనావేశమున్న అర్జినిన్ అనే అమైనో ఆమ్లమే. డీఎన్ఏని ఉంగరాల్లా చుట్టి, సిస్టీన్లనే గంధకమున్న అమైనో ఆమ్లాల మధ్య గంధకం తాళాలు బిగిస్తారు. పని బాగానే చేస్తారు, ఒప్పుకుంటాను. ఇంత బందోబస్తులోనూ నూటికి ఐదు నుంచి పదిహేను వంతుల దాకా హిస్టోన్లు సీటు వదలరు. వాళ్లలో కొందరు పిండం ఎదుగుదలకు పనికొచ్చే జన్యువుల దగ్గరే చతికిలబడతారు. తెలివైనవాళ్లు.

ఇంతా చేస్తే ఏమైంది? శుక్రకణం లోపలికి అడుగుపెట్టిన కొద్ది గంటల్లోనే అండం ఆ తాళాలన్నీ ఊడదీసి, ప్రొటమిన్లను బయటికి నెట్టి, మళ్లీ హిస్టోన్లనే కూర్చోబెడుతుంది. ఆ కబురు విని పొంగిపోయాను. తర్వాత నియామకాల జాబితా చూశాను. అంతా తల్లి తరఫు వాళ్లే.