జర్నళ్ల చందా గేటు లోపల, రొయ్యల చెరువు గేటు బయట

పరిశోధన వ్యాసాలు వేసే పత్రికలకు (జర్నళ్లకు) ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల తరఫున కేంద్రమే చందా కట్టే పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’. 2027 డిసెంబరుతో దాని మూడేళ్ల గడువు తీరిపోతుంది. అప్పుడు 30 మంది విదేశీ పబ్లిషర్లతో కేంద్రం మళ్లీ బేరానికి కూర్చోవాలి. ఆ బేరంలో నెల్లూరు, ప్రకాశం జిల్లాల తరఫున అడగాల్సింది ఒకటుంది. రేటు ఇంకాస్త తగ్గించమని కాదు, ఎవరిని లెక్కపెట్టి రేటు కడుతున్నారో ఆ లెక్క మార్చమని.

2024 నవంబరు 25న కేంద్ర కేబినెట్ ఈ పథకానికి 2025, 2026, 2027 సంవత్సరాలకు కలిపి 6,000 కోట్ల రూపాయలు ఇచ్చింది. దాదాపు 13,000 జర్నళ్లు, 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలు, సుమారు 1.8 కోట్ల మంది విద్యార్థులు, అధ్యాపకులు, పరిశోధకులు. ఏడాదికి 2,000 కోట్లు అనుకుని భాగిస్తే సంస్థకు 32 లక్షల దాకా పడుతుంది. తలకు 1,100 రూపాయల చిల్లర. పబ్లిషర్ వెబ్‌సైట్‌లో ఒక్క వ్యాసం విడిగా కొనాలంటే 30, 40 డాలర్లు, అంటే మూడు వేల పైమాటే. ఆ ధరలో మూడోవంతుకు ఒక మనిషికి ఏడాది పొడుగునా 13,000 జర్నళ్లు వస్తున్నాయంటే కాదనడానికి ఏముంది? చవకే.

అయితే ఆ 1.8 కోట్ల మందిలో మనవాళ్లెవరు? కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీ లోపల ఉంది. నెల్లూరు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఒంగోలు ఆంధ్రకేసరి యూనివర్సిటీ, ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ, ప్రభుత్వ డిగ్రీ కాలేజీలు కూడా ఆ గీత లోపలివే. ప్రైవేటు ఇంజినీరింగ్, ఫార్మసీ, డిగ్రీ, మెడికల్ కాలేజీలన్నీ గీత బయట. ఈ రెండు జిల్లాల్లో ఇంటర్ తర్వాత చదివే పిల్లల్లో ఎక్కువమంది ఉండేది ఆ బయటే. సర్కారు కాలేజీలో సీటొచ్చిన పిల్లాడికి దేశం తరఫున చందా కట్టారు. రాని పిల్లాడు వాట్సాప్ గ్రూపులో డీఓఐ నంబరు (వ్యాసం గుర్తింపు సంఖ్య) పెట్టి ‘ఈ పీడీఎఫ్ ఎవరి దగ్గరన్నా ఉందా అన్నా’ అని అడుక్కుంటాడు. 2025 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు ఆదేశంతో, చందా లేకుండానే వ్యాసాలు దించుకునే వెబ్‌సైట్ సై-హబ్‌ను కూడా బ్లాక్ చేశారు. తప్పో ఒప్పో గానీ, ఇలాంటివాళ్లలో చాలామందికి అన్నాళ్లూ లైబ్రరీ అదే.

ఈ లెక్క ఇక్కడిదాకా ఎలా వచ్చిందో చూస్తే గానీ ఏం అడగాలో తెలియదు.

ప్రింటు రోజుల్లో జర్నల్ అంటే వస్తువు. ఏజెంటు కొటేషన్ ఇచ్చేవాడు, డాలరు ధరను పుస్తక వ్యాపారుల సంఘాల గుడ్ ఆఫీసెస్ కమిటీ రేటు ప్రకారం రూపాయల్లోకి మార్చి బిల్లు వేసేవాడు. డబ్బు చాలకపోతే రెండు టైటిల్స్ కొట్టేసేవాళ్లు. చందా ఆపినా వచ్చిన సంచికలు బైండు చేసి ర్యాకులో ఉండేవి. ఎవరొచ్చి చదివినా పబ్లిషర్‌కి సంబంధం లేదు. ఊళ్లో డాక్టరుగారు సాయంత్రం వచ్చి కూర్చున్నా లైబ్రేరియన్ కాదనేవాడు కాదు.

1990ల చివర్లో ఆన్‌లైన్ రాగానే ఈ పద్ధతి మారిపోయింది. పబ్లిషర్లు విడివిడి టైటిల్స్ పక్కనపెట్టి మొత్తం కట్ట అమ్మడం మొదలుపెట్టారు. విస్కాన్సిన్ యూనివర్సిటీ లైబ్రరీల అధిపతి కెన్నెత్ ఫ్రేజియర్ 2001లో దీనికి ‘బిగ్ డీల్’ అని పేరు పెట్టి, ఇందులో దిగొద్దని తోటి లైబ్రేరియన్లను హెచ్చరించాడు. మన రొయ్యల రైతులకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. సీడు అప్పు మీద ఇచ్చిన డీలరు మేత, మందులు కూడా తన కొట్లోనే కొనాలంటాడు, పంట చేతికొచ్చేసరికి ఏది ఎంతకు కొన్నామో తేలదు. బిగ్ డీల్ కూడా అంతే. ధరకు మూలం ఏమిటంటే, ఆ లైబ్రరీ అంతకుముందు ప్రింటుకు ఎంత కడుతుండేదో అది. దాని మీద ఏటా ఇంత శాతం పెంపు. ఒకే స్థాయి యూనివర్సిటీలు ఒకే కట్టకు వేర్వేరు ధరలు కడుతున్నాయని 2014లో అమెరికాలో బయటపడింది. అదీ కొందరు ఆర్థికవేత్తలు అక్కడి సమాచార హక్కు చట్టాల కింద ఒప్పందాలు తెప్పించుకుంటేనే. అంతకు రెండేళ్ల ముందే, ఏడాదికి 37.5 లక్షల డాలర్లు కడుతున్న హార్వర్డ్ కూడా ఇక మోయలేమంది. హార్వర్డ్‌కే చేతకాకపోతే కావలి డిగ్రీ కాలేజీ సంగతి చెప్పేదేముంది.

మన దేశం దీనికి వెతుక్కున్న దారి కన్సార్షియం, అంటే గుంపుగా బేరం. 2003 ప్రాంతంలో మొదలై, 2015కి ఈ-శోధ్‌సింధు అయింది. వ్యవసాయానికి సెరా, కాలేజీలకు ఎన్-లిస్ట్ వచ్చాయి. ఎన్-లిస్ట్‌లో డిగ్రీ కాలేజీ ఏడాదికి 5,900 రూపాయలు కడితే వేల జర్నళ్లు వచ్చేవి. ఇంత మేలైన బేరం ఇంకోటి లేదని నా అభిప్రాయం. అయినా ఎన్నో కాలేజీల్లో ఆ పాస్‌వర్డులు కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ టీమ్ వచ్చే వారం ముందు తప్ప బయటికి రావు. వాడకం సంస్కృతి లేనిచోట ధర తగ్గించినంత మాత్రాన చదువు పెరగదు. ఇది పబ్లిషర్ల తప్పు కాదు, మనదే.

ఇప్పుడు ఆ కన్సార్షియాలన్నీ కలిపి దేశం మొత్తానికి ఒకే కొనుగోలుదారు అయ్యాడు. పెద్ద కొనుగోలుదారుకి బలం ఎక్కువ అంటారు. నిజమే, కానీ ‘వద్దు’ అని లేచి వెళ్లిపోగలిగితేనే ఆ బలం. కాలిఫోర్నియా యూనివర్సిటీ 2019 ఫిబ్రవరిలో పెద్ద పబ్లిషర్ అయిన ఎల్సెవియర్‌తో తెగతెంపులు చేసుకుని, రెండేళ్లు చందా లేకుండా నడిపి, 2021 మార్చిలో తనకు కావలసిన తీరులో ఒప్పందం చేసుకుంది. రేపు 2027 చివర పబ్లిషర్ ధర పెంచితే మనం అలా లేవగలమా? లేస్తే 6,300 సంస్థల్లో ఒకేరోజు జర్నళ్లు ఆగిపోతాయి. పార్లమెంటులో ప్రశ్న వస్తుంది. పబ్లిషర్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. పైగా రూపాయి సంగతొకటి: 2010లో డాలరు 45 రూపాయల దగ్గరుండేది, 2025 డిసెంబరులో 90 దాటింది.

ఇంకోపక్క, రచయితే డబ్బు కట్టి వ్యాసాన్ని అందరికీ ఉచితంగా పెట్టించే పద్ధతి పెరుగుతోంది. ‘నేచర్’ పత్రిక ఆ ఫీజు 9,500 యూరోలని 2020లో ప్రకటించినప్పుడు అందరూ నోరెళ్లబెట్టారు. మన పథకంలోనూ ఇలాంటి ఫీజులకు ఏడాదికి 150 కోట్లు పెట్టారు. అంటే కొన్ని వ్యాసాలు ఎవరైనా చదువుకునేలా ఫీజు కట్టి తెరుస్తున్నాం, అవే పబ్లిషర్లకు చందా కూడా కడుతున్నాం. ఏటేటా తెరుచుకుంటున్న వ్యాసాల వాటా ఎంతో లెక్కగట్టి చందాలో తగ్గించాలని గట్టిగా అడగకపోతే ఒకే సరుకుకు రెండుసార్లు కట్టినట్టే.

ఇక గేటు బయట సంగతి.

ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు, అటు సింగరాయకొండ, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల్లో ఈహెచ్‌పీ జబ్బు అంటే తెలియని రైతు ఉండడు. 1990ల మధ్యలో వచ్చిన వైట్ స్పాట్ వైరస్ జబ్బు చెరువుని రోజుల్లో ఊడ్చేసింది. ఈహెచ్‌పీ అలా కాదు, రొయ్య చావదు, ఎదగదు. మేత తింటూనే ఉంటుంది, వంద కౌంట్ (కిలోకి వంద రొయ్యలు) దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు కొట్టువాడు ఒక బ్రోచర్ ఇస్తాడు. మెరిసే కాగితం మీద రొయ్య బొమ్మ, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘శాస్త్రీయంగా నిరూపితం’ అని ఒక జర్నల్ పేరు, సంవత్సరం, పేజీ నంబర్లు. చెరువులు చూసుకునే కన్సల్టెంటు కుర్రాడు ఫిషరీస్ చదివినవాడైతే ఫోన్లో ఆ వ్యాసం వెతుకుతాడు. సారాంశం ఉచితం. అందులో ‘గణనీయమైన తగ్గుదల కనిపించింది’ అని ఉంటుంది. ఆ పరీక్ష ఎక్కడ చేశారు? గాజు తొట్లలోనా, చెరువులోనా? ఉప్పు శాతం ఎంత? మేతలో కిలోకి ఎన్ని గ్రాములు కలిపారు? మందు ముందే ఇచ్చారా, జబ్బు ముదిరాక ఇచ్చారా? రైతుకి లక్షలు మిగిలేదీ పోయేదీ ఈ వివరాల్లోనే. అవన్నీ వ్యాసం లోపల ఉంటాయి. ‘పీడీఎఫ్ కొనండి’ అన్న మీట దగ్గర ఫోను ఆగిపోతుంది. ఆక్వాకల్చర్ రంగానికి పేరున్న ‘ఆక్వాకల్చర్’ పత్రిక ఎల్సెవియర్‌దే. ఆ చెరువుకి కాస్త దూరంలోనే ముత్తుకూరు కాలేజీ, అక్కడి విద్యార్థికి అదే వ్యాసం లాగిన్ కాగానే వస్తుంది.

కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరైడ్ నీళ్ల మీద పేపర్లు రాసినవాళ్లకు కొదవ లేదు. అక్కడి పీహెచ్‌సీ డాక్టరు వాటిని చదవాలంటే ఆయనకు లాగిన్ లేదు, పీహెచ్‌సీ ఉన్నత విద్యాసంస్థ కాదు కదా. నమూనాలు మన ఊరివి, పన్ను మనది, చందా మనదే.

తలల లెక్కన ధర కట్టినంతకాలం పబ్లిషర్‌కి రిజిస్టరులో పేరున్న తలే తల. ప్రైవేటు కాలేజీలను తర్వాతి దశలో చేరుస్తామన్నారు. చేర్చితే మంచిదే, కానీ అదీ తలల లెక్కే, ఫీజులో ఇంకో గీత అయి చివరకు తల్లిదండ్రుల మీదే పడుతుంది. అప్పటికీ కన్సల్టెంటు, డాక్టరు, ఊళ్లో సైన్స్ టీచరు, పత్రికా విలేకరి బయటే ఉంటారు. అందుకే వచ్చే ఒప్పందంలో చోటును లెక్కపెట్టాలి. ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని ఎవరైనా చదువుకోవచ్చు అన్న షరతు రాయించాలి. పబ్లిషర్లకు ఇదేం కొత్త కాదు. లైబ్రరీ భవనంలోకి నడిచొచ్చిన పాఠకుడికి అక్కడే చదివే హక్కు విదేశీ లైసెన్సుల్లో మామూలే. బ్రిటన్‌లో 2014లో పబ్లిక్ లైబ్రరీల్లో జర్నల్ వ్యాసాలు ఉచితంగా చదువుకునే ఏర్పాటు తెచ్చారు. మన పథకం చివరి దశలో పబ్లిక్ లైబ్రరీలు ఉంటాయన్నారు కూడా. చివరికి తోసేయకుండా దాన్ని ముందుకు తేవాలంతే. పత్రికలు కొనుక్కునే స్తోమత లేనివాళ్లు చదివేందుకు వచ్చే చోటు కాబట్టి పబ్లిషర్ అమ్మకాలకు పోయేదీ ఏమీ లేదు.

ఏ పబ్లిషర్‌కి ఎంత కడుతున్నామో టైటిల్స్‌తో సహా అందరికీ కనిపించేలా పెట్టడం రెండోది. వాడకాన్ని ఎప్పటికప్పుడు సమీక్షించే పని, పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కి అప్పగించారు. ఆ అంకెలు ఒక్కటే చూస్తే ప్రమాదం. ఢిల్లీ, బెంగళూరుల్లో డౌన్‌లోడ్లు లక్షల్లో ఉంటాయి. ఒంగోలులో వందల్లో ఉన్నాయని ఇక్కడివాళ్లకు అక్కర్లేదని తేల్చేస్తే, ట్రైనింగు లేని లైబ్రేరియనూ, నెట్టు రాని రీడింగ్ రూమూ లెక్కలోకి రానట్టే. జిల్లా స్థాయి అంకెలు బయటపెడితే కనీసం మనమే అడగొచ్చు, ఎందుకింత తక్కువని.

జిల్లా గ్రంథాలయంలో నాలుగు కంప్యూటర్లు, మంచి నెట్టు, ఇంగ్లిషు వ్యాసంలో పట్టిక ఎక్కడుందో వెతికిపెట్టగల ఒక మనిషి ఉంటే ఈ పని నడుస్తుంది. డబ్బెక్కడిదంటారా, ఇంటిపన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మన దగ్గర వసూలు చేస్తూనే ఉన్నారు. ఆ సొమ్ము పంచాయతీలు, మున్సిపాలిటీల ఖాతాల్లో ఆగిపోతోందని, గ్రంథాలయ సంస్థలకు సరిగా జమ కావడం లేదని ఏళ్ల తరబడి ఫిర్యాదు. నెల్లూరు కార్పొరేషను, ఒంగోలు కార్పొరేషను తమ బాకీ ఎంతో ముందు చెప్పాలి.