మహారాజశ్రీ గెంకాన్ గారి దివ్య సముఖమునకు

జపాన్‌లోని కనజావా ఊళ్లో పాత ఇళ్లన్నిటికీ బూట్లు విడిచే గుమ్మమై వెలుగుతున్న మహారాజశ్రీ గెంకాన్ గారికి, లేసుల బూట్లు వేసుకుని వచ్చిన దురదృష్టవంతుల తరఫున రాసుకున్న మనవి. ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలం. మా నడుముల సంగతి కింద విన్నవిస్తున్నాం, చిత్తగించవలెను.

నిన్న సాయంత్రం ఒక టికెట్ కిటికీ మూసేశారు. చివరి ప్రవేశం వేళ దాటి రెండంటే రెండే నిమిషాలు. ఏ ఇంటి కిటికీయో చెప్పం, వాళ్ల తప్పేం లేదు. లోపలున్నావిడ రెండుసార్లు వంగి మరీ క్షమించమంది. పోట్లాడే వీలు కూడా లేకుండా చేసే మర్యాద అది. ఆ రెండు నిమిషాలు ఎక్కడ పోయాయా అని వెనక్కి లెక్కేసుకుంటూ వస్తే దారి పొడుగునా తమరే కనిపించారు.

అయ్యా, చెప్పులు బయట విడవడం మాకు తెలియని విద్య కాదు. గుడి, పేరంటం, గృహప్రవేశం, కొన్ని ఊళ్లలో డాక్టరు గది కూడా. కానీ మేం విడిచేవి చెప్పులు. నడుస్తూ నడుస్తూనే ఒకటి ఇటు, ఒకటి అటు విదిల్చి లోపలికి పోతాం. తిరిగొచ్చాక ఆ గుట్టలోంచి బొటనవేలితోనే ఏరుకుంటాం. మొత్తం వ్యవహారం ఆరు సెకన్లు. మాకున్న బెంగల్లా అవి ఉంటాయా, పోతాయా అన్నదే. చిత్తం శివుడి మీద, భక్తి చెప్పుల మీద అని ఊరికే అనలేదు. తమరి దగ్గర ఆ బెంగ లేదు. పోగొట్టుకున్నా బావుండేది అనిపించేంత భద్రంగా ఉంటాయి.

తమరి పద్ధతి చూడండి. గుమ్మం దాటగానే కింద ఉండే నేల తతకి. అది బూట్ల రాజ్యం, దాని మీద సాక్సు పెట్టకూడదు. దాని అంచున ఎత్తుగా ఉన్న దూలం అగరికమాచి. అక్కణ్ణించి సాక్సుల రాజ్యం, దాని మీద బూటు పెట్టకూడదు. రెండు రాజ్యాల మధ్య తటస్థ భూమి అంగుళం కూడా లేదు. కాబట్టి మనిషి ఏం చేయాలి? ఒక బూటు విప్పి, ఆ పాదాన్ని గాల్లోంచే దూలం మీదికి చేర్చి, రెండో బూటు ఇంకా కింద ఉండగా కొంగజపం చేస్తూ, వీపున బ్యాగుతో వంగి, తడిసి బిగిసిపోయిన ముడి విప్పాలి. బ్యాగు ముందుకు జారి తలకు తగులుతుంది. వెనక జర్మన్ దంపతులు నవ్వుతూ ఎదురు చూస్తుంటారు.

విప్పాక అయిపోయిందా అంటే లేదు. ఇటు తిరిగి మోకాళ్ల మీద కూర్చుని, బూట్ల మూతులు వీధి వైపు ఉండేలా తిప్పి పెట్టాలి. తిప్పేటప్పుడు ఇంటికి పూర్తిగా వీపు చూపించకూడదు, కాస్త వాలుగా కూర్చోవాలి. లోపల ఆ ఇంటివాళ్లు పోయి నూట యాభై ఏళ్లయింది. అయినా చూపించకూడదు.

ఇక సునోకో. ఈ చెక్కపట్టీల పలకను తతకి మీద ఎవరు పరిచారో గానీ, చూడ్డానికి అచ్చం కాళ్లు తుడుచుకునే పట్టాలా ఉంటుంది. బూటుతో ఎక్కుతాం. ‘సుమిమాసెన్’, అంటే క్షమించండి, అని మెత్తటి గొంతొకటి వినిపిస్తుంది. సునోకో సాక్సుల రాజ్యానిదట, పక్క రాజ్యంలో వేసిన వంతెనట. ఈ సరిహద్దు ఒప్పందం ఎక్కడా రాసి ఉండదు.

లోపల స్లిప్పర్లిస్తే ఇంకో పురాణం. నడవాలో స్లిప్పర్లు వేసుకోవచ్చు. తతామి చాప దగ్గర అవీ విడిచి సాక్సులతో పోవాలి. మరుగుదొడ్డికి వేరే స్లిప్పర్లు, అవి ఆ గది దాటకూడదు. మతిమరుపున వాటితోనే హాల్లోకి వచ్చినవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. చూస్తారు. మన అమ్మమ్మల మడి ఇంతకంటే నయం, ఒక బిందె నీళ్లతో తేలిపోయేది. ఆ స్లిప్పర్లలో మా మడమ ఎలాగూ రెండంగుళాలు బయటే ఉంటుంది. నిచ్చెనకు అక్కయ్యలాంటి ఆ పాత మెట్ల మీద వాటితో దిగడం కంటే చేత్తో పట్టుకుని దిగడం మేలు. సాక్సుతో దిగినా తప్పదు: వందల ఏళ్ల పాదాలు నునుపు చేసిన చెక్క మీద నూలు సాక్సు మంచు మీద సబ్బుబిళ్లే. పక్కకు తిరిగి, అరికాలు మొత్తం మెట్టు మీద ఆనేలా, కమ్మీ పట్టుకుని దిగాలి.

తమరి వంశగౌరవం మాకు తెలుసండీ. జెన్ బౌద్ధుల మాటలో తమరి పేరుకు అర్థం గహనమైన మార్గానికి ద్వారమట. ఏదో కాలంలో మామూలు జనం దర్జాగా గెంకాన్ కట్టుకోవడానికే వీల్లేదట, సమురాయ్‌ల ఇళ్లకే ఆ హోదా. ఇప్పుడు అపార్ట్‌మెంట్లకీ తమరే. అయినా ఆ పాత బిగువు తగ్గలేదు.

లెక్క చెప్తాం, వినండి. కనజావాలో, ఒకప్పుడు ఈ ఊరినేలిన మయెదా ప్రభువుల ఆనవాళ్లు చూడాలనుకున్న మనిషి ఒక్క రోజులో ఎక్కే గడపలు: కెన్‌రొకుయెన్ తోట మూలన సెయిసొన్‌కకు భవనం, కోటలో హిషియగురా బురుజు, పాత సమురాయ్‌ల పేట నాగమాచిలో నొమురా వారి ఇల్లు, అక్కడికి దగ్గర్లోనే అషిగరు మ్యూజియం. అషిగరు అంటే కాల్బలం. పేరుకు ఒక మ్యూజియమే గానీ రెండు ఇళ్లు, కాబట్టి రెండు గెంకాన్లు. అయిదయ్యాయా? ఆరోది మధ్యాహ్నం భోజనానిది, చాప మీద కూర్చోబెట్టే హోటలైతే. విప్పి, తిప్పి పెట్టడానికి రెండు నిమిషాలు. వెతికి, తొడిగి, కట్టుకోవడానికి మూడు. ఆరు గడపలు, గడపకు అయిదు నిమిషాలు, వెరసి ముప్పై. వీటిలో టికెట్టున్న ప్రతిచోటా చివరి ప్రవేశం మూసే వేళకు సరిగ్గా ముప్పై నిమిషాల ముందు. ఇది కాకతాళీయమని మమ్మల్ని నమ్మమంటారా?

పైగా ఒక్కోచోట చివరి ప్రవేశం వేళ ఒక్కో రకం. హిషియగురాకి సాయంత్రం 4 దాటితే ప్రవేశం లేదు. సెయిసొన్‌కకుకి 4:30, అదీ బుధవారం కాకపోతేనే. ఆ రోజు సెలవు. నొమురా వారింట్లో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 5, అక్టోబరు నుంచి మార్చి దాకా 4. అషిగరు ఇళ్లు 5 దాకా తీసి ఉంటాయి, టికెట్టూ లేదు. కాబట్టి పొద్దున్నే సెయిసొన్‌కకు, తర్వాత కోట, భోజనం, నొమురా, చివర్న అషిగరు. నాగమాచి బస దగ్గర్లోనే ఉంది కదా అని అక్కణ్ణించి మొదలెట్టినవాడు కోట చేరేసరికి బురుజు బయటి గోడలే చూస్తాడు.

ఆ బురుజు సంగతొకటి. హిషి అంటే సమచతుర్భుజం. మూలలు 90 డిగ్రీలు కావు, 80, 100. అందుకని లోపలి స్తంభాలను కూడా అదే కోణాల్లో చెక్కారు. 1881 అగ్నిప్రమాదంలో పోయినదాన్ని 2001లో పాత పద్ధతిలో చెక్కతో మళ్లీ కట్టారు. అంటే ఆ నేల వయసు పాతికేళ్లు. దానికీ బూట్లు విప్పాలి. అసలు కోట శిఖరం చూద్దామంటే, 1602లో పిడుగు పడి కాలిపోయింది, మళ్లీ కట్టలేదు. నాలుగు వందల ఏళ్లుగా లేని శిఖరం చుట్టూ ఇంత ఊరు తిరుగుతోంది. బస్సు కూడా ఊరి చుట్టూ గుండ్రంగానే తిరుగుతుంది. కుడి చుట్టు, ఎడమ చుట్టు రెండూ ఉన్నాయి, మనం ఎక్కేది ఎప్పుడూ రెండోది.

మయెదా వంశంలోనే మరో శాఖ అయిన తొసనొకామి వారి మ్యూజియంలో కాగితాలు, కాగితాలు, మరిన్ని కాగితాలు. మరేం అనం.

నొమురా వారింటి దగ్గర మాత్రం ఆగుతాం. హోదాను కొలిచే బియ్యం లెక్కలో 1200 కోకుల కుటుంబం. 1868 తర్వాతి మెయిజి కాలంలో సమురాయ్‌ల జీవనాధారం పోయాక అసలు ఇల్లూ పోయింది. ఇప్పుడు అక్కడున్నది సముద్ర వ్యాపారం చేసిన ఒక ధనికుడి భవనాన్ని వేరేచోటి నుంచి విప్పి తెచ్చి నిలబెట్టింది. సమురాయ్ ఇల్లు అని మేం బూట్లు విప్పి నమస్కరించేది షావుకారు గచ్చుకే అన్నమాట. పోనీలెండి, తోట బాగుంటుంది. ఒనోషో కాలువ నీళ్లు వరండా అంచు దాకా వచ్చి వెళ్తాయి. లోపల అద్దాల వెనక పాతకాలపు ఉత్తరం ఒకటుంది. యుద్ధంలో శత్రువుల పెద్దనొకణ్ణి చంపి తల తెచ్చినందుకు ప్రభువు పంపిన కృతజ్ఞతా లేఖ. తల తెచ్చినవాడికి అంత ఓపిగ్గా ఉత్తరం రాశారే, ఆరు గడపలకు కాళ్లు తెచ్చిన మాకు కనీసం ఒక ముక్క?

వానను మరిచిపోయామనుకున్నారా? భోజనం డబ్బా మరిచినా గొడుగు మరవొద్దని ఈ ఊరి సామెత. ప్రతి గుమ్మం దగ్గరా గొడుగు గూళ్లు. గొడుగును రంధ్రంలో నిలబెట్టి, చిన్న తాళంచెవి తిప్పి జేబులో వేసుకోవాలి. ఇప్పుడు చేతిలో బ్యాగు, జేబులో గొడుగు చెవి, కాలికి తడి సాక్సు. తడి సాక్సుతో తతామి తొక్కితే జొన్నరొట్టె మీద చెయ్యి అద్దినట్టు పాదం అచ్చు పడుతుంది. అందుకే సంచీలో ఇంకో జత ఉండాలి. ప్రవేశం ఒకచోట, బయటికి పోయే దారి మరోచోట ఉండే కట్టడాల్లో బూట్లను ప్లాస్టిక్ సంచీలో మోసుకు తిరగాలి. ఆ సంచీ అడుగున నీళ్లు చేరి, సరిగ్గా చూడాల్సిన గదిలోనే కారుతుంది.

ఇక చలికాలం. డిసెంబరు మొదట్లో నాగమాచి మట్టిగోడలకు గడ్డిచాపలు కడతారు, మార్చి మధ్య దాకా ఉంచుతారు. గోడలోకి మంచు తడి దిగి, గడ్డకట్టి, పెచ్చులూడకుండా. గోడకు చలికోటుందండీ. వేడి లేని చెక్కనడవాలో సాక్సులతో నిలబడ్డ మనిషికి ఏముంది?

సరే, ఇంతసేపూ మర్యాదగా మాట్లాడాం. ఒక్క మాట సూటిగా అడుగుతున్నాం. మయెదా వారు ఈ ఊరి నుంచి ఏలిన ‘కాగా’ సంస్థానం పది లక్షల కోకుల సంస్థానం. కోకు అంటే ఒక మనిషి ఏడాది తిండి బియ్యం. పది లక్షల మందికి ఏడాది పొడుగునా తిండి పెట్టగల రాజ్యానికి గుమ్మం దగ్గర ఒక స్టూలు వేయడానికి ఏం వచ్చింది? మోకాలెత్తు స్టూలు! సింహాసనం అడగలేదు. కూర్చుని లేసు కట్టుకుంటాం, లేచి పోతాం. వేసిన చోట కూడా ఒక్కటే వేస్తారు, దాని మీద ఎవరిదో బ్యాగు. గోడకు వేలాడే పొడుగు బూటుగరిటె ఒక్కటి, దానికి క్యూ. డెబ్భై ఏళ్ల ముసలాయన దూలం పట్టుకుని ఒంటికాలి మీద వణుకుతుంటే అది సంప్రదాయం అంటారేంటయ్యా? మోకాళ్లు అరిగిన మనిషికి ఇది వినయం నేర్పే చోటు కాదు, పడిపోయే చోటు!

... క్షమించాలి. కాస్త వేడెక్కాం.

సెయిసొన్‌కకు సంగతి చెప్పకపోతే మాకే పాపం. 1863లో పదమూడో మయెదా ప్రభువు నరియసు తల్లి కోసం కట్టించిన ఇల్లు. మేడ మీద ఒక గదిలో పైకప్పు నీలం: అప్పట్లో విదేశాల నుంచి తెప్పించిన రంగు. ఫొటో తీయనివ్వరు, కాబట్టి మెడ నొప్పెట్టేదాకా చూడటమే. కింద తోట వైపు వరండా ఉంది. దాదాపు 20 మీటర్లు, ఒక్క స్తంభం లేదు. చూరు లోపల దాచిన పొడుగాటి దూలాలు తులామానంలా బరువును ఎత్తి పట్టుకుంటాయి. ముసలావిడ తోట చూడటానికి స్తంభం అడ్డు రాకూడదని. అక్కడ నిలబడితే పలకల చల్లదనం సాక్సులోంచి ఎక్కుతుంది, ఒక్కడుగు లోపలికి వేస్తే తతామి మెత్తగా, కాస్త వెచ్చగా. గది ఎక్కడ మారిందో కంటికంటే ముందు పాదానికి తెలుస్తుంది. బూటుంటే తెలిసేది కాదు. ఈ మాట తమరితో ఒప్పుకోవడం మాకు ఇష్టం లేదు.

అషిగరు ఇళ్లలో కూడా అంతే. చిన్న ఇళ్లు, రాళ్లు పేర్చిన చెక్కకప్పు, బుల్లి తోట. 1990ల దాకా మనుషులు కాపురమున్న ఇళ్లు. వాళ్లు రోజుకు ఎన్నిసార్లు విప్పి తొడిగారో మరి.

స్టూలు సంగతి మాత్రం వదలం.

ఇట్లు,
ఎడమ సాక్సుకు బొటనవేలి దగ్గర చిల్లు ఉందని అందరికీ తెలిసిపోయిన
భవదీయులు

తా.క.: తమరి గొడుగు గూటి తాళంచెవి ఒకటి మా కోటు జేబులో టోక్యో దాకా వచ్చేసింది. షింకన్‌సెన్ బుల్లెట్ రైల్లో రెండున్నర గంటల దూరం. గొడుగు నల్లది, ఒక పుల్ల వంగి ఉంటుంది. దాన్ని అడక్కుండా ఎవరూ తీయరని తెలుసు, అందుకే దిగులుగా ఉంది.