అణు కేంద్రాల తుక్కు: కరిగించవచ్చు, కలపకూడదు

నెల్లూరు ఆటోనగర్‌లో పాత ఇనుము కొనే వ్యాపారి సరుకును పరీక్షించేది అయస్కాంతంతోనే. రొయ్యల చెరువుల్లో తుప్పు పట్టిన ఏరేటర్లు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో అరిగిపోయిన రంపపు బ్లేళ్లు, కాలిపోయిన బోరు మోటార్లు, ఏది వచ్చినా అయస్కాంతం ఆనించి చూసి, కాటా వేసి, గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేసి లారీకెత్తుతారు. ఆ ముక్కలు ఎక్కడో ఫర్నేస్‌లో కరిగి మన ఇళ్ల శ్లాబుల్లోకి కడ్డీలై వస్తాయి. మూతపడిన అణు విద్యుత్ కేంద్రాల లోహాన్ని ఈ దారిలోకి వదలవచ్చా అన్న చర్చ ఐరోపాలో దశాబ్దాలుగా సాగుతోంది. తారాపూర్ తొలి రియాక్టర్లు 1969 నాటివి, మనకు దక్షిణాన ఉన్న కల్పాక్కం మొదటి యూనిట్ 1984 నాటిది కనుక ఆ చర్చ మన గడపకూ వస్తుంది.

వదలవచ్చనే వాదనలో బలముంది. కూల్చిన కేంద్రంలోని లోహంలో అధిక భాగానికి అసలు రేడియోధార్మికతే అంటదు. అంటిన ఉక్కులో ముఖ్యంగా చూడవలసిన రేడియోధార్మిక పదార్థం కోబాల్ట్-60. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 5.27 ఏళ్లే కాబట్టి, 50 ఏళ్లు నిల్వ ఉంచితే అది సుమారు 700వ వంతుకు తగ్గిపోతుంది. దాన్ని మామూలు లోహంలా వదిలేయడానికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సూచించిన పరిమితి, గ్రాముకు 0.1 బెక్వెరెల్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం). మనిషికి ఏటా అందే రేడియేషన్ మోతాదు 10 మైక్రోసీవర్టుల (ఆ మోతాదును కొలిచే ప్రమాణం) స్థాయిని దాటకుండా ఆ అంకెను కట్టారు. ప్రకృతి నుంచి ప్రపంచ సగటున అందేది 2,400. ఈ లెక్కను నేను కాదనను.

ఆ లెక్క తుక్కు లారీ దాకా చెక్కుచెదరకుండా చేరుతుందన్న నమ్మకమే నాకు లేదు. కరిగించినప్పుడు, లోహానికి అంటిన రేడియోధార్మిక పదార్థాల్లో సీజియం చాలావరకు ఆవిరై ధూళిలోకి పోతుంది, యురేనియం చిట్టెంలోకి తేలుతుంది. కోబాల్ట్ మాత్రం ఇనుమును విడవక ముద్దంతటా పరుచుకుంటుంది, ఆపైన దాన్ని విడదీసే ఉపాయం ఏ ఫర్నేస్‌లోనూ లేదు. మెక్సికోలోని హ్వారెజ్ నగరంలో 1983లో ఒక చికిత్సా యంత్రంలోని కోబాల్ట్ తుక్కులో కలిసి కడ్డీలైపోయింది. మరుసటి జనవరిలో ఆ కడ్డీల లారీ అనుకోకుండా అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల వైపు వెళ్లి అక్కడి డిటెక్టర్‌ను మోగించబట్టి సంగతి బయటపడింది. తైవాన్‌లో అలాంటి కడ్డీలతో కట్టిన ఇళ్లలో జనం దాదాపు పదేళ్లు ఏమీ తెలియకుండా కాపురాలు చేశారు. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఒక విశ్వవిద్యాలయం వేలం వేసిన, కోబాల్ట్-60 ఉన్న పాత పరికరాన్ని విప్పిన తుక్కు కార్మికుల్లో ఒకరు చనిపోయారు. మెక్సికో, ఢిల్లీ ఘటనల్లోది అణు విద్యుత్ కేంద్రాల లోహం కాదు, తీవ్రతలో దానికీ వీటికీ పోలికే లేదు. కానీ తుక్కు బజారులో ఒకసారి కలిసిన దాని ఆచూకీ ఎలా మాయమవుతుందో ఇవే చూపాయి. పైగా ఇనుము తానే కవచం కనుక, లోడు నడుమ ఉన్నదాన్ని గేటు దగ్గరి డిటెక్టర్ పసిగట్టలేకపోవచ్చు.

జర్మనీలోని క్రెఫెల్డ్‌లో ఇలాంటి లోహాన్ని ప్రత్యేక ఫర్నేస్‌లో కరిగించి, అణు వ్యర్థాలు ఉంచే పెట్టెలుగా పోతపోసి తిరిగి అణు పరిశ్రమకే ఇచ్చారు. కల్పాక్కం లోహానికి మన అణుశక్తి నియంత్రణ మండలి ముందుగా ఈ దారినే తప్పనిసరి చేయాలి. కరిగిన ప్రతి ముద్ద నుంచి తీసిన నమూనా ఫలితం జనానికి అందుబాటులో ఉండాలి, ఆటోనగర్ కాటాల దగ్గర అయస్కాంతం పక్కన రేడియోధార్మికతను కొలిచే మీటరు కూడా ప్రభుత్వ ఖర్చుతో చేరాలి.